పాత తుపాకి మీద మమకారం

మొన్న వేసవి సెలవులకు ముందు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో జరిగిన ఒక చిన్న సాహిత్య సమావేశంలో ఎం.ఏ. విద్యార్థి ఒకడు తన కథ చదివాడు. కథలో చెప్పుకోదగ్గ సంఘటన లేదు. తార్నాకలో ఒక పాత ఇల్లు. ముందుగదిలో గోడమీద ఒక తుపాకి. దాన్ని నెలకొకసారి దించి నూనెగుడ్డతో తుడిచే తాత, పక్కన కూర్చుని చూసే మనుమడు. తాత చనిపోతాడు. మనుమడు మొదటిసారి తనంతట తాను తుపాకిని దించుతాడు. అంతే కథ.

చదవడం పూర్తి కాగానే ఇద్దరు ముగ్గురు లేచి, ఇది భూస్వామ్య సంస్కృతిని కీర్తించే కథ అన్నారు. మరొక విద్యార్థి "మనకు తుపాకి అంటే భర్మారు యాదికి రావాలె గని, దొరల విలాసం తుపాకి గాదు" అని తన కవిత ఒకటి చదివాడు. దానికి చప్పట్లు మోగాయి. కథ రాసినవాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అధ్యక్షత నాది గనుక ముగింపుగా నాలుగు మాటలు చెప్పవలసింది. ఏదో పొడిపొడిగా చెప్పి వూరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కథ నాకు నచ్చింది. నచ్చి వుండకూడదని కూడా అనిపించింది. ఈ చిక్కేమిటో తేల్చుకోకుండా దాటవేస్తే విమర్శకుడిగా నేను చేసే పనికి అర్థం లేదు.

ఆ తర్వాతి ఆదివారం నేను ఆ విద్యార్థి ఇంటికి వెళ్లాను. తార్ అంటే తీగె, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడి భూములకు తీగెకంచె వేసి చౌకీ పెట్టడం వల్లనే ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడు కంచె లేదు, పైన మెట్రోరైలు పోతున్నది. విశ్వవిద్యాలయం గేటుకూ ఈ వీధులకూ మధ్య పది నిమిషాల నడక. మా తరంలో పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులు ఈ వీధుల్లోనే గదులు అద్దెకు తీసుకునేవారు. అద్దెగదుల్లో వున్నవాళ్ల తాతలూ, సొంత ఇళ్లలో వున్నవాళ్ల తాతలూ ఒకే జిల్లా నుంచి వచ్చినవాళ్లే కావచ్చు. రైతు కొడుకూ దొర మనుమడూ ఒకే ఛాయ్ బండి దగ్గర నిలబడే చోటు ఇది.

విద్యార్థి తండ్రి ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి, మర్యాదస్తుడు. "మా తాత బొంబాయి నుంచి తెప్పించిండు సార్. మా నాయిన పేరు మీద ఉండె, ఇప్పుడు లైసెన్సు నా పేరు మీద ఉన్నది. తూటాలు కొనక ఎన్నేండ్లయిందో నాకే యాదికి లేదు. 2023 అసెంబ్లీ ఎలక్షన్లప్పుడు ఠాణాల పెట్టి మల్ల తెచ్చిన. ఎలక్షన్లు వచ్చినప్పుడల్ల ఇది గోడ దిగుతది" అని నవ్వాడు.

అది అమెరికాలో వించెస్టరు కంపెనీ చేసిన 62వ నమూనా రైఫిలు. ఈ నమూనాను ఆ కంపెనీ 1932 నుంచి 1958 వరకు తయారు చేసింది. గొట్టం రంధ్రం అంగుళంలో వందకు 22 వంతులు, అంటే సీసపు గుండు పెన్సిలు మందం కూడా వుండదు. గొట్టం కింద మరొక సన్నని గొట్టం, అందులో ఒకదాని వెనుక ఒకటిగా 14 తూటాలు పడతాయి. ఆ కింది గొట్టానికి గాడులు గీసిన చిన్న చెక్కపిడి. ఎడమచేత్తో పిడిని వెనక్కి లాగితే ఖాళీ ఇత్తడి బయటికి ఎగిరిపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. కంటి దగ్గరినుంచి తుపాకి దించనక్కరలేదు. "గుంజి చూడుండ్రి సార్, ఖాళీదే" అన్నాడు పెద్దాయన. లోపల ఏమీ లేదని ఆయన ఒకసారి, నేను ఒకసారి చూసుకున్నాక పిడి లాగి తోశాను. ఆ చప్పుడు మంచి కుట్టుమిషను చప్పుడులాగా, తప్పులేని లెక్కలాగా వుంది. మళ్లీ లాగాను. మూడోసారి లాగినప్పుడు నా విద్యార్థి నన్ను చూసి నవ్వుతున్నాడు. కథలో అతను వర్ణించింది అబద్ధం కాదని ఒప్పుకోక తప్పలేదు.

నాకిది బొత్తిగా కొత్త కూడా కాదు. డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో వున్నాను. మాకిచ్చినదీ ఇదే కొలత తూటా పట్టే రైఫిలే. కాకపోతే అది పంప్ రైఫిలు కాదు. ప్రతిసారీ బోల్టు తిప్పి లాగాలి. 25 గజాల దూరంలో కాగితపు గురి, బోర్లా పడుకుని అయిదు తూటాలు. 1962 చైనా యుద్ధం తర్వాత 1963 నుంచి కొన్నేళ్లు ఎన్.సి.సి.ని కళాశాలల్లో తప్పనిసరి చేశారు. 1968లో ఐచ్ఛికం చేశారు. అందుచేత ఒక తరం గుమాస్తాలకూ మాస్టర్లకూ కూడా ఈ చిన్న తుపాకి జ్ఞాపకం వుంది. వాళ్లను కదిలిస్తే కవాతు సంగతి, ఎండ సంగతి, ఆఫీసరు తిట్లు మరిచిపోయి, "నా అయిదూ ఒక్కచోటే పడ్డాయి" అంటారు. నేనూ అంటాను. మూడే పడ్డాయనుకోండి.

ఈ ఆకర్షణకు పునాది ఏమిటి? తుపాకుల్లో ఇది మనం క్షమించగలిగిన తుపాకి. చప్పుడు తక్కువ, భుజానికి దెబ్బ లేదు, ధర తక్కువ. దీన్ని చూసి ఎవరూ యుద్ధాన్ని గుర్తుచేసుకోరు. దీని పుట్టుకే విలాసంలో వుంది. 1845 ప్రాంతంలో ఫ్లోబెర్ అనే ఫ్రెంచివాడు ఇంటి హాల్లో కూర్చుని కాల్చుకోవడానికి ఒక చిన్న తూటా కల్పించాడు. ఆ తూటా వంశంలోదే ఇదీ. తూటా అడుగు అంచు మడతలో పేలుడు పూత వుంటుంది. సుత్తిపుల్ల ఆ అంచును నొక్కితే పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అన్నారు. నలిగిన అంచు మళ్లీ పనికిరాదు గనుక ఖాళీ ఇత్తడిని ఏ కమ్మరీ తిరిగి నింపలేడు. ప్రతి తూటానూ కంపెనీ దగ్గరే కొనుక్కోవాలి. పాఠకులు ఈ సాంకేతిక విషయాన్ని గుర్తుంచుకోవాలి, తర్వాత దీనితో పని వుంది.

దీనికి పంప్ పిడి కుదిర్చి ప్రసిద్ధికి తెచ్చింది బ్రౌనింగ్ సోదరుల రచన నుంచి వచ్చిన 1890 నాటి వించెస్టరు నమూనా. అది ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అమెరికా తిరునాళ్లలో, వినోదపు తోటల్లో గురికొట్టే దుకాణాలన్నిటిలోనూ అదే తుపాకి. చెక్కబల్ల మీద గొలుసుకు కట్టివుంటుంది, ఎదురుగా రేకు బాతులు వరసగా తిరుగుతుంటాయి, తగిలితే టంగుమని పడిపోయి మళ్లీ లేస్తాయి. ఇప్పుడు ఆ దేశంలో ముసలివాళ్లు అంత ప్రేమగా తలుచుకునేది ఆ టంగుమనే చప్పుడునే. కాని 1890 ఏ సంవత్సరం? ఆ ఏటి జనాభా లెక్కల తర్వాతనే ఆ ప్రభుత్వం తనకిక పడమటి సరిహద్దు అంటూ మిగలలేదని ప్రకటించింది. ఆ ఏడు డిసెంబరు 29న ఉండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా తెగ స్త్రీలనూ పిల్లలనూ కూడా కాల్చి చంపింది. అక్కడ పేలినవి ఈ చిన్న తుపాకులు కావు, సైన్యపు తుపాకులూ ఫిరంగులూను. నేను తుపాకికి లేని నేరం అంటగట్టడం లేదు. నేల ఆక్రమణ పూర్తయిన చోటనే తుపాకి ఆటవస్తువు కాగలిగింది అంటున్నాను. కాల్చవలసినవాళ్లు అయిపోయాక రేకు బాతులు వచ్చాయి.

మనకూ అటువంటి ఆట లేకపోలేదు. ఉస్మానియా పట్టభద్రుల సంఘం 1938లో మొదలుపెట్టిన నుమాయిష్‌లో ప్రతి జనవరిలోనూ బెలూన్లు గుచ్చిన బోర్డు ముందు గాలితుపాకి పట్టుకుని నిలబడని హైదరాబాదు పిల్లవాడు వుండడు. అది గాలితుపాకే గనుక అందులో తూటా లేదు, లైసెన్సు లేదు. ముచ్చట మటుకు అదే ముచ్చట.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి వున్నది. చెప్పడం నాకు అంత ఇష్టం కాదు.

మా తాత కుడి పిక్కలో ఒక సీసపు ముక్క వుండేది. చిన్నప్పుడు మమ్మల్ని వేలు పెట్టి చూడనిచ్చేవాడు. చర్మం కింద శనగగింజలాగా అటూ ఇటూ కదిలేది. మాకది వింత. ఆయన పదిహేనేళ్ల వయసులో వూరి దొర కొడుకులు, పట్నం నుంచి వచ్చిన వాళ్ల స్నేహితులు కుందేళ్ల వేటకు పోతే, మా తాతా మరి నలుగురు పిల్లలూ వెట్టికి పోయి పొదలు కొట్టి జంతువులను లేపేవారు. కుందేలు పారింది, తుపాకి పేలింది, తాత పడ్డాడు. "చిన్న తుపాకే బిడ్డా, పిట్టల తుపాకి" అనేవాడు. దొర తిట్టలేదట. ఒక రూపాయి కూడా ఇచ్చాడట. తాత ఆ రూపాయి సంగతి చెప్పేటప్పుడు గొంతులో కోపం వుండేది కాదు; నాకు అన్నిటికంటే కష్టమనిపించేది అదే. నేను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన పోయాడు. సీసం ఆయనతోనే పోయింది. చివరిదాకా కుంటుతూనే నడిచాడు.

తార్నాకలోని ఆ తుపాకికీ మా తాత కాలికీ ఏ సంబంధమూ లేదు. వూళ్లు వేరు, కుటుంబాలు వేరు. కాని మూడోసారి ఆ పిడి లాగి ఆనందించిన చెయ్యి, ఆ సీసపు ముక్కను తడిమిన చెయ్యి ఒకటే. నా మనసు ఆ రెండింటినీ ఒకేసారి గుర్తుచేసుకోలేకపోయిందంటే, అందులో ఏదో కిటుకు వుండివుండాలి. పాత వస్తువు మీద మమకారం మనచేత చేయించే పని అదే. అది వస్తువును విశ్రాంతిగా వున్న క్షణంలో పట్టుకుంటుంది. నూనె వాసన, చెక్క నునుపు, ఇత్తడి మెరుపు, చప్పుడు వుంటాయి; తూటా పోయి పడిన చోటు మాత్రం వుండదు.

కథను మళ్లీ చదివాను. ముప్ఫై ఏళ్ల కాలం నడిచిన ఆ కథలో తుపాకి పేలేది రెండేసార్లు. రెండుసార్లూ ఖాళీ నెయ్యిడబ్బా మీదనే. తుపాకి గురించి పన్నెండు పేజీలు రాసినవాడు దాని గురి గురించి రెండు వాక్యాలు రాశాడు. ఈ కథలోని లోపం తాతను ప్రేమించడం కాదు. మనుమడు తాతను ప్రేమించకపోతే అది కథే కాదు. బూర్జువా భావుకత అనో, భూస్వామ్య అవశేషం అనో ముద్ర వేసి పక్కన పెట్టేసిన మిత్రులు కథను విమర్శించలేదు, కథకుణ్ణి విమర్శించారు. అది తేలిక పని. బొంబాయి నుంచి వచ్చిన ఆ తూటాపెట్టెలకు డబ్బు ఏ పంటలో నుంచి వచ్చింది, వేటకు ముందు నడిచినవాళ్లెవరు, తాత మాట్లాడని విషయాలేమిటి? ఇవి కథ బయటినుంచి నేను తగిలిస్తున్న ప్రశ్నలు కావు. తుపాకి అనే వస్తువును ఎన్నుకున్న క్షణానే ఈ ప్రశ్నలన్నీ కథలోకి వచ్చేశాయి. కథకుడు వాటిని గుమ్మం దగ్గర నిలబెట్టాడు. శిల్పం దృష్టితో చూసినా నష్టం కథకే: మనుమడు చివర తుపాకి దించినప్పుడు దానికి ఆరు పౌన్ల బరువు తప్ప మరో బరువు లేదు.

చప్పట్లు కొట్టించుకున్న భర్మారు కవితకు వద్దాం. వస్తువు మారింది; పద్ధతి మారిందా? అందులో భర్మారు గర్జిస్తుంది, మాట్లాడుతుంది, చరిత్ర రాస్తుంది. మనుషులు దాన్ని మోసే బంట్లుగా మిగిలారు. చరిత్ర చూడండి. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీదికి తుపాకులు పేలినప్పుడు దొడ్డి కొమరయ్య చేతిలోనూ, అతని వెనుక వున్నవాళ్ల చేతుల్లోనూ తుపాకులు లేవు. గుత్పలూ వడిసెలలూ పట్టినవాళ్లు గనుకనే దాన్ని గుత్పల సంఘం అన్నారు. తుపాకి అప్పుడు గడి వైపు వున్న వస్తువు. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపు వచ్చిన తర్వాత జనం చేతికి వచ్చినవాటిలో ముఖ్యమైనది ఈ భర్మారు. ఎందుకు? పైన సాంకేతిక విషయం గుర్తుంచుకోమన్నది ఇందుకే. వించెస్టరు తూటాను కంపెనీ తప్ప ఎవరూ చెయ్యలేరు. భర్మారుకు మందు మూతిలోనుంచి కూరాలి. సూరేకారం, గంధకం, బొగ్గు వుంటే మందు అవుతుంది. సీసం లేకపోతే ఇనపముక్కలు వేస్తారు. చెడిపోతే వూరి కమ్మరి బాగుచేస్తాడు. అంటే వూరు పోషించగలిగిన తుపాకి అది. వూరు పోషించకపోతే అది ఉత్త ఇనపగొట్టం. ఒకసారి పేల్చి మళ్లీ కూరుకునేలోపల ఎదుటివాడి రైఫిలు ఎన్నిసార్లు పేలుతుందో అడవిలో వున్నవాళ్లకు తెలుసు. ఈ కష్టం, ఈ ఆధారపడడం కవితలో ఒక్క పాదమైనా వుంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి. భర్మారును గోడకు తగిలించి నూనెగుడ్డతో తుడవడమే ఆ కవి కూడా చేశాడు. గది మాత్రం వేరు.

పోరాటంలో వున్నవాళ్లు తుపాకిని ఇట్లా తలుచుకున్నారా? స్త్రీశక్తి సంఘటన సేకరించిన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. చేతుల్లో తుపాకులతో నిలబడిన స్త్రీల ఫొటో మన గదుల గోడలమీద వుంది, చాలామందికి అదే ఆ పోరాటం. ఈ పుస్తకంలోని స్త్రీలు ఆ ఫొటో దగ్గర ఆగరు. దళంలో వుండడం కోసం పసిబిడ్డను వదులుకున్న తల్లి వుంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక ఇళ్లకు పోయి సంసారాలు చూసుకోమంటే దిక్కుతోచనివాళ్లు వున్నారు. తుపాకి పట్టిన రోజులు వాళ్లకు గొప్ప రోజులే. కాని వాళ్లు తలుచుకునేది తుపాకిని కాదు, అది చేతిలో వున్నంతకాలం తమకు దొరికిన మర్యాదను. ఈ తేడాను మన కవులు పట్టించుకోలేదు. మల్లు స్వరాజ్యం గారు 2019లో వచ్చిన తన ఆత్మకథకు 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు పెట్టుకున్నారు. తుపాకి పట్టిన మనిషే చివరికి తూటాతో పోల్చుకున్నది తన మాటను. సుందరయ్య గారు ఆ పోరాటం లెక్క చెప్పినప్పుడు కూడా మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల మంది మృతులు అన్నారు. వాళ్ల లెక్కలో ముందు నిలిచింది తుపాకుల సంఖ్య కాదు.

ఇదే జబ్బు పెద్ద ఎత్తున చూడాలంటే 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' సినిమా చాలు. అందులో రామరాజు జీవితలక్ష్యమే తన వూరివాళ్ల చేతుల్లో తలా ఒక తుపాకి పెట్టడం. నిజమైన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకుపోయిన మాట వాస్తవం. కాని మన్యం తిరగబడింది తుపాకుల కోసం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును అడ్డుకున్నది. రోడ్డు పనికి బలవంతంగా తోలి కూలి ఎగ్గొట్టారు. తుపాకి అందుకు సాధనం. సినిమాలో సాధనం సాధ్యమైంది. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు చివర జెండామీద అక్షరాలుగా కనబడతాయి నిజమే. తుపాకుల పెట్టెలకు దొరికిన నిడివి వాటికి దొరకలేదు. అభ్యుదయ విద్యార్థులు కూడా హాల్లో ఈలలు వేశారు. నేనూ ఆ హాల్లోనే వున్నాను, ఈల వెయ్యడం రాదు గనుక వెయ్యలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతి కథా చరిత్రపాఠం కావాలా? తాతను తలుచుకుని ఏడ్చే హక్కు మనుమడికి లేదా అని. వుంది. నేను అడిగేది పాఠం కాదు. తూటా ఎటు పోయిందో కథకుడు ఒక్కసారి వెంటపోయి చూడాలి. చూసివచ్చి కథలో ఒక్క మాట కూడా రాయకపోయినా ఫరవాలేదు. చూసినవాడు తాత గురించి రాసే వాక్యం వేరేగా వుంటుంది. అసెంబ్లీ ఎదుట 1969 ఉద్యమంలో చనిపోయినవాళ్ల స్తూపం వున్న చోటును మనం గన్‌పార్క్ అంటాం. అక్కడ కలుద్దాం, అక్కడ బస్సు దిగు అంటాం. కాల్పుల్లో పోయినవాళ్ల స్థలానికి తుపాకి పేరు అమరివుండడం మన చెవికి విడ్డూరంగా తోచదు. ఆ విడ్డూరం చెవికి తగలవలసింది ముందుగా రాసేవాళ్లకు.

ఈ సంగతులన్నీ, మా తాత కాలితో సహా, ఆ విద్యార్థికి చెప్పాను. మెట్రో స్టేషను కింద ఛాయ్ తాగుతూ చెప్పాను. అతను వాదించలేదు. "సార్, మా తాత గూడ నాకు ఏం చెప్పలే" అన్నాడు. పది రోజుల తర్వాత వచ్చి, వూళ్లో వున్న తన నాయనమ్మను అడిగానన్నాడు. వేటకు ముందు పొదలు లేపడానికి పోయినవాళ్ల పేర్లు ఆమెకు ఇంకా గుర్తున్నాయట. ఒక్కొక్కరి ఇల్లు ఏ వాడలో వుండేదో కూడా చెప్పిందట. ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకుని వచ్చాడు, నాకు చూపించాడు. తండ్రికి ఇంకా చూపించలేదన్నాడు.

కథ తిరిగి రాస్తున్నాడు. భర్మారు కవిని కూడా వినడానికి రమ్మన్నాను. వచ్చే సమావేశానికి అధ్యక్షత వేరొకరికి అప్పగించాను. నేను వినేవాళ్లలో కూర్చుంటాను.